మైల వంతు

"నేనే చంపానని రాసుకోండి బాబూ. వేలిముద్ర ఏస్తా. నీళ్ళు మాత్రం ఇయ్యాల వదలమనండి."

లాకప్పు ఊచల అవతల నిలబడి బాలస్వామి అన్న మాట అది. ఇవతల ఉన్నది ప్రేమానందం. పోలీసు ఉద్యోగం వదిలి బెజవాడలో డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నాక, నేరం చేసి నాది కాదని బొంకేవాళ్ళను ఆయన చాలామందినే చూశాడు. చెయ్యని నేరాన్ని నా నెత్తిన పెట్టండి మహాప్రభో అని బతిమాలేవాణ్ణి చూడడం ఇదే మొదలు.

"నువ్వు చంపావా?" అని అడిగాడు.

"లేదు బాబూ. దేవుడి ఎరుక."

"మరి వేలిముద్ర ఎందుకయ్యా?"

"చేను పొట్ట మీదుంది బాబూ, ఇయ్యాలో రేపో కంకి తీసుద్ది. నేను ఒప్పుకుంటే నీళ్ళు వదుల్తానన్నారు ప్రెసిడెంటుగారు. నాకు ఉరేసినా పల్లె తింటది. ఒప్పుకోకపోతే నేనూ పోతా, చేలూ పోతాయి."

ఇందులో లెక్క తప్పేమీ లేదు. అదే ఘోరం.

సాగర్ ఎడమ కాలువ నందిగామ తాలూకాలోకి వచ్చేసరికి ముసలివాడి నడకలా ఉంటుంది. ఆ కాలువకు తంగెళ్ళగూడెం దగ్గర ఒక తూము. ఆ తూము నుంచి పొలాలకు పారే పిల్లకాలువ ఒకటి, పెద్దబోదె. ఊరందరి పొలాలకూ ఆ బోదె ఒక్కటే దిక్కు. పైవాడు తడుపుకున్నాక కిందివాడు, వాడయ్యాక ఆ కిందివాడు. ఎవరి వంతు వాళ్ళది. అందరికన్నా ఆఖరున, ఊరికి ఎడంగా ఉండే పల్లెవాళ్ళ భూములు. కాగితం మీద వాళ్ళకూ సమాన వంతే. బోదెలో మాత్రం ఒక తడవ వస్తే రెండు తడవలు రావు. ఎందుకు రావో ఎవరికీ తెలియదు. తెలియని తప్పుకు ఎవరో ఒకరు ఉండాలి కనుక, బోదె మీద నీళ్ళు కట్టే బాలస్వామిని అందరూ తిట్టేవారు. పైవాళ్ళు దొంగ అనేవారు, సొంత పల్లెవాళ్ళు చేతకానివాడు అనేవారు.

పల్లె భూములకు సరిగ్గా పైన రత్తయ్య పొలం. శుక్రవారం తెల్లవారుతుండగా రత్తయ్య తన పొలం మడవ దగ్గర బోదెలో శవమై కనిపించాడు. తల వెనక గట్టి దెబ్బ. మడవంటే బోదెలోంచి పొలంలోకి నీళ్ళు వెళ్ళడానికి గట్టుకు కోసే వాకిలి. రత్తయ్య వంతు ముగిసింది కదా, ఆ మడవ మూసి నీళ్ళు పల్లెకు తిప్పుకుందామని వచ్చిన బాలస్వామే శవాన్ని ముందు చూశాడు, వాడే కేకేశాడు. కేకేసినవాణ్ణే పట్టుకున్నారు. బోదె సంఘం ప్రెసిడెంటు భవానీప్రసాద్ అదే పూట తూము తలుపు దింపించి తీర్పు చెప్పాడు: హంతకుడు ఒప్పుకునేదాకా పల్లెకు చుక్క నీరు లేదు. ఇవాళ సోమవారం. ఇంకో రెండు రోజులు ఇలాగే ఎండితే పొట్టలో ఉన్నది గింజ కాదు, తాలు.

బాలస్వామి పెళ్ళాం జయమణి ఆదివారం ప్రార్థన మానుకుని బస్సెక్కి బెజవాడ వచ్చి ప్రేమానందం గుమ్మం ముందు కూచుంది. ఆయన తల్లిదీ ఇలాంటి పల్లే. కాదనలేకపోయాడు.

"బాలస్వామీ, రత్తయ్యతో నీకేమన్నా తగాదా ఉందా?"

"నీళ్ళకాడ తగాదా లేందెవరికి బాబూ? తగాదా పెట్టుకోటానికైనా మనిషి ఊళ్ళో ఉండాలిగా. గురువారం పొద్దున్నుంచీ దీపాలు పెట్టేదాకా నన్ను ఈ వరండాలోనే కూచోబెట్టారు. నీళ్ళు దొంగిలిస్తన్నానని ప్రెసిడెంటుగారు నా మీద రిపోర్టిచ్చారంట. కొట్టలా, తిట్టలా. కూచోమన్నారు, కూచున్నా. పొమ్మన్నారు, పోయా."

ఆ మాటను ప్రేమానందం చెవిన వేసుకున్నాడే గాని మనసున పెట్టుకోలేదు. అప్పటికి అందరికీ కావలసింది శుక్రవారం తెల్లవారుజాము. గురువారం గోల ఎవరికి కావాలి?

వెనక బూట్ల చప్పుడైంది. ఇన్‌స్పెక్టర్ వెంకటరత్నం. ఒకప్పుడు ఇద్దరూ ఒకే బ్యాచిలో ట్రెయినింగయ్యారు. అప్పటినుంచీ ఒకరి మెప్పు ఒకరికి మింగుడుపడదు.

"ఏమయ్యా ప్రేమానందం, యూనిఫారం విప్పేసినా స్టేషను వాసన వదల్లేదా నిన్ను? నీ పార్టీ ఒప్పుకుంటానంటున్నాడు. విన్నావుగా."

"విన్నాను. నీళ్ళ కోసం ఒప్పుకుంటున్నాడని కూడా విన్నాను. చంపడానికి కారణమేంటండీ?"

కారణం వెంకటరత్నం నాలుక చివరే ఉంది. ఆ బోదె మీద ఒక కట్టుబాటు ఉందట. ఎవరింట్లో చావు జరిగినా, పెద్దకర్మ అయ్యేదాకా ఆ ఇంటివాళ్ళూ వాళ్ళ పాలివాళ్ళూ, అంటే దాయాదులూ, నీళ్ళ మీద చెయ్యి వెయ్యకూడదు. మైల. వాళ్ళ వంతు దాటి కిందివాళ్ళకు పోతుంది. గురువారం దీపాల వేళ నుంచి శుక్రవారం తెల్లారేదాకా రత్తయ్య వంతు. రత్తయ్య పోతే ఆ వంతు పల్లెది. ఇంతకన్నా కారణం కావాలా అన్నాడు ఇన్‌స్పెక్టరు. పైగా ఒక్క దెబ్బతో వదల్లేదని, తాడు మడిచి చావబాదాడని, వీపంతా గళ్ళు గళ్ళుగా వాతలు తేలాయని చెప్పాడు.

"వాతల దగ్గర తోలు చిట్లిందా?"

"చిట్లలా. అయితే?"

"చచ్చేటట్టు కొడితే తోలు చిట్లకుండా ఉంటుందా అని. డాక్టరుగారు ఏ వేళకు పోయాడన్నారు?"

"నీళ్ళల్లో నానిన శవానికి వేళ చెప్పటం కష్టమన్నారు. అందుకని వేళ నేను చెప్పా." వెంకటరత్నం నవ్వి లాఠీతో ఊచల మీద కొట్టాడు. "మధ్యాహ్నం నందిగామ తీసుకెళ్తున్నా. మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇస్తే నీకూ నాకూ పనుండదు. పొద్దు గుంకేలోపు పల్లెకి నీళ్ళు కూడా వదుల్తారు. అంతా మంచే జరుగుతోంటే నీకెందుకయ్యా నొప్పి?"

ఉరితాడును కూడా మంచి కింద జమకట్టేవాడితో వాదించి లాభం లేదని ప్రేమానందం బయటికి నడిచాడు.

పెద్దబోదె ఎండిపోయి ఉంది. పల్లె ఆడవాళ్ళు అందులోకి దిగి, రొమ్ముల లోతున నిలబడి, పారలతో గంపలతో పూడిక తీస్తున్నారు. సాయంత్రం నీళ్ళు వదుల్తాను, ఈలోగా బోదె బాగుచేసుకోండి అని ప్రెసిడెంటుగారు కబురు పెట్టాడట. జయమణి కూడా చీర చెంగు దోపుకుని అందులోనే ఉంది. తన మొగుడు ఉరికి ఒప్పుకుంటే గాని రాని నీళ్ళ కోసం తనే దారి శుభ్రం చేస్తోంది. ఆమె ప్రేమానందం వైపు చూసి, చూపు తిప్పుకుని, మట్టి ఎత్తిపోసింది.

భవానీప్రసాద్ గట్టు మీద ఎదురుచూస్తున్నాడు. మల్లెపువ్వులాంటి ఖద్దరు, భుజాన జరీ అంచు కండువా. ఆయన పొలం రత్తయ్య పొలానికి పైన, పక్కపక్కనే. ఒక మడవకు కేకేస్తే ఇంకో మడవకు వినిపిస్తుంది.

"రండి డిటెక్టివ్‌గారూ. చూసుకోండి. దాచేదేం లేదు," అంటూ తన మడవ పక్కనున్న నాపరాయి మీద కండువా పరిచి కూచున్నాడు. "పొద్దున్నించీ నిలబడే ఉన్నానండి, కాళ్ళు పీక్కుపోతున్నాయి. మా బాబాయి కొడుకండీ రత్తయ్య. మాకూ మైలే. తూము మీద చెయ్యి కూడా వెయ్యకూడదు నేను. అన్నీ మనుషులకి పురమాయించటమే."

ప్రేమానందం బోదెలోకి దిగి రత్తయ్య మడవ చూశాడు. గడ్డి మోపు అడ్డంగా దూర్చి, మీద మట్టి మెత్తి, చక్కగా మూసి ఉంది. శవాన్ని ఎత్తాక దాన్ని ఎవరూ ముట్టలేదని భవానీప్రసాదే చెప్పాడు. గట్టెక్కి పొలం చూశాడు. నిండా నీళ్ళు. కింది పల్లె చేలు నెర్రెలు విచ్చుతుంటే రత్తయ్య చేను మాత్రం నిగనిగలాడుతోంది.

"ప్రసాద్‌గారూ, వంతు దాటించుకోవాలని బాలస్వామి చంపాడంటే, వంతు మొదట్లోనే చంపాలిగా? అప్పుడు ఈ చేను ఎండి ఉండాలి. చేను నిండాక చంపాడనుకుంటే, వంతు అప్పటికే అయిపోయింది. ఇక చంపి ఏం లాభం?"

భవానీప్రసాద్ కింద పరిచిన కండువా అంచు సర్దుకున్నాడు. "ఆ బుద్ధులుంటే హత్యలెందుకు చేస్తారండీ," అన్నాడు.

గట్టు పక్క బాటలో బండి చక్రాల జాడ ఉంది. వచ్చి, వెనక్కి తిరిగి, వెళ్ళిన జాడ. శవాన్ని పోలీసులు ట్రాక్టర్లో తీసుకెళ్ళారు. మరి బండి ఎవరిది? జాడ వెంట అక్కడక్కడా గడ్డిపోచలు రాలి ఉన్నాయి. ప్రేమానందం వాటిని చూసి ఊరుకున్నాడు.

అప్పుడే ఇంకొకటి కంటబడింది. అక్కడ ప్రతి మడవ పక్కనా అడుగెత్తు నాపరాయి ఒకటి పాతి ఉంది. పైన దూరంగా కనిపిస్తున్న రాళ్ళ మీద పసుపు ముద్దలు, వాటి నడుమ కుంకుమ బొట్లు తాజాగా మెరుస్తున్నాయి. రత్తయ్య రాయి మీద ఎప్పటిదో వెలిసిన మరక తప్ప ఏమీ లేదు. అదేమిటని అడిగితే భవానీప్రసాద్ చెయ్యి విసిరేశాడు.

"ఆడవాళ్ళ పిచ్చి లెండి. నీళ్ళు తిప్పుకునే ముందు గంగమ్మకని పెడతారు. పెడితే పెడతారు, లేకపోతే లేదు."

అంత తేలిగ్గా తీసిపారేసిన మాట ప్రేమానందానికి ఎందుకో గొంతులో చేపముల్లులా నిలబడిపోయింది. ఆయన చర్చి నీడన పెరిగినవాడు. ఆ పసుపు సంగతులు తెలియవు. తెలిసినవాళ్ళను అడగాలనుకుని ఊళ్ళోకి నడిచాడు.

రత్తయ్య భార్య బసవమ్మ వసారాలో గోడకు ఆనుకుని కూచుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన మొహం. దొడ్లో ఎడ్లబండి ఉంది. దాని పక్కనే ఒక మంచం పట్టెలు ఒట్టిగా గోడకు చేరవేసి ఉన్నాయి. దాని నులకంతా విప్పి, తడిపి, కంచె మీద ఆరేశారు.

ప్రేమానందం అక్కడే ఆగిపోయాడు. ఆయన తండ్రి పోయినప్పుడు తల్లి ఇదే పని చేసింది. మనిషి ప్రాణం పోయిన మంచాన్ని అలాగే ఉంచరు, నులక విప్పి తడుపుతారు. ఈ ఇంటాయన బోదెలో పోయాడంటున్నారు కదా, మరి మంచం ఏం పాపం చేసింది? ఆరేసిన తాడును చూస్తుంటే అది అల్లినప్పుడు పడే గళ్ళు కళ్ళ ముందు కనిపించాయి. వీపంతా గళ్ళు గళ్ళుగా వాతలు. చిట్లని తోలు. తాడు మడిచి ఎవరూ కొట్టలేదు. ప్రాణం పోయిన మనిషి గంటల తరబడి నులక మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు.

"అమ్మా, మంచం నులక ఎందుకు విప్పారు?"

బసవమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది.

"మీ మడవ రాయికి ఈసారి పసుపు ఎందుకు పెట్టలేదు?"

ఆ మాటతో ఆమె దుఃఖానికి కట్ట తెగింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ప్రేమానందం గడప ఇవతలే కూచుని ఆగాడు.

తర్వాత ఆమె చెప్పింది ఇది. గురువారం పొద్దున రత్తయ్య తూము దగ్గరికని వెళ్ళాడు. ఎండ ఎక్కాక తూలుకుంటూ వచ్చాడు. పంచె నిండా ఎర్రమట్టి, తల వెనక నెత్తురు గడ్డకట్టి ఉంది. పడ్డానని కాదు, కొట్టారని కాదు, దెబ్బ సంగతి ఏమీ చెప్పలేదు. పడుకుంటానన్నాడు. మంచం వాల్చింది. మజ్జిగ తెచ్చేసరికి కళ్ళు తేలేశాడు. గొంతెత్తి ఏడవబోయి, నోరు తనే మూసుకుంది. ఏడిస్తే ఊరికి తెలుస్తుంది. ఊరికి తెలిస్తే మైల. మైలైతే ఆ రాత్రి వంతు పోతుంది. మళ్ళీ వంతు వచ్చేసరికి చేలో తాలే. ఏడాది తిండి అది. మొగుడు ఎలాగూ పోయాడు.

తలుపు మూసింది. ఎవరడిగినా జ్వరమని చెప్పింది. దీపాల వేళ చెవిటికల్లు నుంచి తమ్ముడు వస్తే శవం దగ్గర వాణ్ణి కూచోబెట్టి, తనే పార పట్టుకుని వెళ్ళి మడవ తెరిచింది. చేను నిండాక మడవ మూసింది. ఇంకా తెల్లారకముందే అక్కాతమ్ముళ్ళిద్దరూ ఆయన పంచె మార్చి, బండిలో గడ్డి కింద పెట్టి తీసుకెళ్ళి, బోదె ఒడ్డున దించారు. నీళ్ళు పెట్టుకోవడానికి వెళ్ళి కళ్ళు తిరిగి పడి పోయాడంటారనుకుంది. దించేటప్పుడు చెయ్యి జారి నీళ్ళల్లోకి పడ్డాడట. ఒకరి మీదికి హత్య నేరం వస్తుందని కలలో కూడా అనుకోలేదంది. వచ్చాక నోరు విప్పడానికి ధైర్యం చాలలేదంది.

"పసుపు మరిచిపోయారా అమ్మా?"

"మరవలేదండీ. కొంగున కట్టుకునే పోయా. మడవ తెరిచే చెయ్యి ఎవరిదైతే వాళ్ళే పెట్టాలి, ఆడైనా మగైనా. ఇంట్లో శవాన్ని పెట్టుకుని గంగమ్మకి పసుపు ఎట్టా పెడతానండీ? నీళ్ళు దొంగిలించా. ఆ తల్లికి అబద్ధం మాత్రం చెప్పలేకపోయా."

ఇంతలో జీపు వచ్చి వాకిట్లో ఆగింది. వెనక కానిస్టేబులు పక్కన సంకెళ్ళతో బాలస్వామి. నందిగామ వెళ్ళే దారిలో బసవమ్మ వాంగ్మూలం కూడా రాసుకుందామని వెంకటరత్నం దిగాడు. ప్రేమానందం విషయం చెప్పేసరికి ఆయన మొహం నల్లబడింది. ముందు ఆ తాడు చూశాడు, తర్వాత బండి చూశాడు. ఓడిపోవడం అలవాటు లేని మనిషి వెంటనే ఇంకో మెట్టు వెతుక్కున్నాడు.

"సరే. పోయింది గురువారం మధ్యాహ్నమే అనుకో. పొద్దున తూము దగ్గర కొట్టుంటాడు వీడు. చావు ముందుకి జరిగితే దెబ్బా ముందుకి జరుగుతుంది. ఏం మారిందయ్యా?"

"గురువారం పొద్దున్నుంచీ దీపాల వేళదాకా బాలస్వామి ఎక్కడున్నాడండీ?"

"నాకేం తెలుసు?"

"మీకు కాక ఇంకెవరికి తెలుసు? మీ స్టేషను వరండాలో ఉన్నాడు. కూచోబెట్టింది మీరే."

కానిస్టేబులు తల వంచుకున్నాడు. పగవాడి చేతిలో ఓడినా బాధ ఉండదు గాని, మన సాక్ష్యమే మనకు ఎదురుతిరిగితే ఆ కడుపుమంటకు మందు లేదు. మర్యాద దక్కించుకోవడానికో ఏమో, వెంకటరత్నం బసవమ్మ వైపు తిరిగి శవాన్ని దాచడం నేరమని గొంతు పెంచాడు. అది తర్వాత చూసుకోవచ్చని, ముందు బాలస్వామి సంకెళ్ళు తీయమని ప్రేమానందం అడ్డుపడ్డాడు.

సంకెళ్ళు తీశారు. బాలస్వామి చేతులు రుద్దుకుంటూ అందరి మొహాలూ చూశాడు. సంతోషించాలని తెలిసినట్టు లేదు.

"అయితే ఇయ్యాల నీళ్ళు వదలరా బాబూ?"

ప్రేమానందం మనిషిని విడిపించాడు, నీళ్ళను విడిపించలేదు. హంతకుడు తేలితే గాని అవి కదలవు.

"రత్తయ్యగారు పోయేముందు ఏమన్నా అన్నారా అమ్మా? ఒక్క మాటైనా?"

"అన్నారండీ. తూము కింద తూము ఉంది, అందుకే నీళ్ళు నిలకడగా రావటం లేదు అన్నారు. దెబ్బకి మతి పోయి ఏదో అంటున్నారనుకున్నా. ఇవాళ పొద్దున్నే బావగారు పరామర్శకొస్తే ఇదేంటని అడిగా. ఎవరికీ చెప్పొద్దు, సాయంత్రం తూము దగ్గరికి రా, చూపిస్తానన్నారు."

బాలస్వామి ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. ఇన్నేళ్ళూ అందరూ తిట్టిన తిట్లకు అర్థం ఆ ముసలాడికి ఒక్కసారిగా తెలిసొచ్చింది. కాలువ కట్ట అడుగున ఎవరో దొంగ గొట్టం వేశారు. బోదెలోకి రావలసిన నీళ్ళు మట్టి కిందనుంచే ఎవరి పొలాల్లోకో పోతున్నాయి. అది రత్తయ్య చూశాడు. చూసినవాణ్ణి కొట్టారు.

"బావగారంటే భవానీప్రసాద్‌గారేనా?" అన్నాడు ప్రేమానందం. "పొద్దున నేనడిగితే ఆయన ఆ పసుపు సంగతి తీసిపారేశారే. తన మడవ రాయి మీదే కండువా పరుచుకుని కూచున్నారు."

బసవమ్మ తలెత్తింది. "రాయి మీద కూచున్నారా? గంగమ్మ రాయి మీదా?" ఆమె గొంతులో దుఃఖం పోయి భయం వచ్చింది. "పొరపాటున కాలు తగిలితేనే కళ్ళకద్దుకుంటామండీ. బావగారికి ఆ పట్టింపు అందరికన్నా ఎక్కువ."

ప్రేమానందం లేచి నిలబడ్డాడు. పట్టింపు ఉన్నవాడు ఆ రాయి మీద ఎందుకు కూచుంటాడు? దాని మీద ఉన్నదేదో దాచడానికి కాదు, ఉండవలసింది లేదని దాచడానికి. "గురువారం మీకు ముందు వంతు ఎవరిదమ్మా?"

"వాళ్ళదేనండీ. మిట్టమధ్యాన్నం నుంచి దీపాల వేళదాకా."

వెంకటరత్నాన్ని జీపులో తూము దగ్గరికి పొమ్మని చెప్పి, ప్రేమానందం పొలాలకు అడ్డంపడి పరుగెత్తాడు. ఇంతసేపూ ఒకరికొకరు ఎదురుతిరిగిన ఇద్దరు మగవాళ్ళు మొదటిసారి ఒకరి మాట ఒకరు విన్నారు. జీపు రయ్యిమని కదిలింది. బాలస్వామి కూడా అందులోనే ఉన్నాడు.

మడవ దగ్గర భవానీప్రసాద్ లేడు. కండువా మాత్రం రాయి మీద పరిచినట్టే ఉంది. మైలబట్ట గనుక ఎవరూ ముట్టరని ధైర్యం కాబోలు. ప్రేమానందం దాన్ని లాగేశాడు.

రాయి మీద పసుపు లేదు. వెలిసిన పాత మరక, అంతే.

గురువారం మిట్టమధ్యాహ్నం రత్తయ్య చావు ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఎవరికీ మైల లేదు. అయినా ఒక పాలివాడు తన మడవకు పసుపు పెట్టడానికి భయపడ్డాడు. తూము దగ్గర కొట్టి, చచ్చాడనుకుని వదిలేసి వచ్చి, ఏమీ ఎరగనట్టు తన వంతు నీళ్ళు తిప్పుకున్నాడు. వంతు మానుకుంటే అనుమానిస్తారు, పసుపు మానుకుంటే ఎవరు చూస్తారు అనుకున్నాడు. తమ్ముణ్ణి కొట్టడానికి వణకని చెయ్యి మైలతో గంగమ్మను ముట్టడానికి వణికింది. బసవమ్మ చేసిందీ అదే, ఆయన చేసిందీ అదే. కాకపోతే ఆమె చావు కళ్ళారా చూసి చేసింది. ఆయన, చావు కబురు ఇంకా రాకముందే.

సాయంత్రం తూము దగ్గరికి రా, చూపిస్తాను. బసవమ్మ వెళ్ళలేదు. జీపు వెళ్తోంది. మరి భవానీప్రసాద్ అక్కడ ఏం చేస్తుంటాడు? ప్రేమానందం కట్ట వైపు చూశాడు. దూరం, ఏమీ కనబడలేదు.

కిందనుంచి కేకలు వినిపించాయి. పల్లె ఆడవాళ్ళ కేకలు.

"నీళ్ళొచ్చినయ్యే! నీళ్ళొచ్చినయ్యే!"

తిరిగి చూశాడు. ఇన్ని రోజులూ ఎండి ఉన్న బోదెలో ఆయన కాళ్ళ ముందునుంచే నీళ్ళు పారుతున్నాయి. జానెడు లోతు. చూస్తుండగానే మూరెడు. కింద పూడిక తీసేవాళ్ళు పారలు వదిలేసి, వంగి, దోసిళ్ళతో నీళ్ళు తీసి ఒకరి మీద ఒకరు చల్లుకుంటున్నారు. జయమణి మోకాళ్ళ మీద కూలబడి చేతులు జోడించి ప్రార్థన చేస్తోంది. మొగుడి ప్రాణం తీసుకుని వచ్చిన నీళ్ళనుకుంటోంది కాబోలు, ఏడుపూ నవ్వూ కలిసిపోయి ఉన్నాయి.

ఆ నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఊరి పొలాలన్నీ నల్లరేగడి. బోదె కూడా నల్లరేగడిలోనే తవ్వింది. ఆ ఊళ్ళో ఎర్రమట్టి ఉన్న చోటు ఒక్కటే, కాలువ కట్ట. రత్తయ్య పంచెకు అంటింది అక్కడి మట్టే. కట్ట అడుగున ఉన్న గొట్టాన్ని ఎవరో పెకలిస్తున్నారు. పెకలిస్తే సాక్ష్యం పోతుంది, నిజమే. దానితోపాటు కట్టా పోతుంది. నీళ్ళల్లో గడ్డి దుబ్బులు వేళ్ళతో సహా దొర్లుకుంటూ వచ్చాయి. వాటి వెనక మనిషి తలకాయంత ఎర్రమట్టి పెళ్ళలు. పైనెక్కడో రైలు వంతెన దాటుతున్నట్టు ఒక హోరు మొదలై, పెద్దదవుతోంది.

వచ్చింది వంతు కాదు, గండి.

ప్రేమానందం గట్టు మీద పడుతూ లేస్తూ కిందికి పరుగెత్తాడు. ఎక్కండి, గట్టెక్కండి, బయటికి రండి అని గొంతు చిరిగేలా అరిచాడు. రొమ్ముల లోతు బోదెలో, ఆనందంలో, ఆ హోరులో ఆయన మాట ఒక్కటీ వాళ్ళకు చేరలేదు.

ఆయన కూడా సంతోషంతోనే కేకలేస్తూ వస్తున్నాడనుకుని జయమణి తడి చెయ్యి పైకెత్తి ఊపింది.